దించుకోవడం, సర్దుకోవడం, దిద్దుకోవడం: మీ ఫొటోలకు సరిపడే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా?

ఫొటోల సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని ఎవరు అడిగినా, ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను: రేపు దాన్ని వదిలేయాల్సి వస్తే మీరు ఏం పట్టుకుని బయటికి రాగలరు? ఈ ప్రశ్న వింతగా అనిపిస్తుంది. ఎందుకంటే మనం ఫిల్టర్లు, స్లైడర్లు, ఏఐ హంగులు చూసి ఎంచుకుంటాం, వదిలేయడం గురించి ఆలోచించం. కానీ ఫొటోలు మనతో జీవితాంతం ఉంటాయి, సాఫ్ట్‌వేర్లు ఉండవు. యాపిల్ 2005లో తెచ్చిన అపెర్చర్‌ను ఇక ఆపేస్తున్నామని 2014లో ప్రకటించింది. గూగుల్ 2016లో పికాసాను పక్కన పెట్టేసింది. రెండూ బాగా పనిచేసినవే, ఇష్టంగా వాడుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అవి ఆగిపోయినప్పుడు ఫొటోలు ఎక్కడికీ పోలేదు. ఏళ్ల తరబడి పెట్టుకున్న ఆల్బమ్‌లు, ట్యాగ్‌లు, చేసుకున్న ఎడిటింగ్ మాత్రం కొత్తచోటికి తెచ్చుకోవడం చాలామందికి తలనొప్పి అయింది.

కాబట్టి ఈ మార్గదర్శిలో ఎంపికంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదో చెప్పే పట్టిక ఇందులో లేదు. మీకు ఏది సరిపోతుందో మీరే తేల్చుకునే పద్ధతి ఉంది.

మొదట, మీ దగ్గరున్న సరుకు చూసుకోండి

ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి. ఫొటోలు ఏ పరికరాల నుంచి వస్తున్నాయి? ఏ ఫార్మాట్‌లో వస్తున్నాయి? ఇప్పటికి ఎన్ని ఉన్నాయి, ఏడాదికి ఎన్ని చేరుతున్నాయి? వాటిని ఎన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో చూడాలి?

ఫార్మాట్ విషయం కాస్త జాగ్రత్తగా చూడాలి. ఫోన్‌తో తీసేవి ఎక్కువగా జేపెగ్ లేదా హీక్ ఫైళ్లు. ఐఫోన్లలో 2017 నుంచి హీక్ వాడుకలోకి వచ్చింది. కెమెరాలో రా ఫార్మాట్ (కెమెరా తాను దిద్దకుండా, పట్టుకున్న సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు) పెట్టుకుంటే కెనాన్‌ది ఒకలా, నికాన్‌ది ఇంకోలా, సోనీది మరోలా ఉంటుంది. కెమెరా కొత్త మోడల్ అయితే మీరు అనుకుంటున్న సాఫ్ట్‌వేర్ దాని రా ఫైళ్లను తెరుస్తుందో లేదో వాళ్ల సపోర్ట్ జాబితాలో ముందే చూడండి. డబ్బు కట్టాక చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఫోన్ ఫొటోలు తప్ప వేరే ఏమీ లేనివాళ్లు, ఎడిటింగ్ అంటే కాస్త క్రాప్ చేసి వెలుతురు పెంచడం అనుకునేవాళ్లు పెద్ద సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. ఫోన్‌లో ఉన్న యాప్, దానికి తోడు బయట ఒక హార్డ్ డిస్క్ మీద క్రమంగా తీసుకునే కాపీ, ఇవి చాలు. అలాంటివాళ్లు కింద దించుకోవడం గురించి ఉన్న భాగం మాత్రం తప్పకుండా చదవండి.

ఇది ఒక పని కాదు, మూడు

కార్డు నుంచో ఫోన్ నుంచో ఫొటోలు కంప్యూటర్‌లోకి దించుకోవడం ఒక పని. పనికిరానివి ఏరిపారేసి, మిగిలినవాటికి గుర్తులు పెట్టి, కావాలన్నప్పుడు దొరికేలా సర్దుకోవడం రెండోది. రంగు, వెలుతురు దిద్దుకోవడం మూడోది. లైట్‌రూమ్ క్లాసిక్, డార్క్‌టేబుల్ లాంటివి మూడూ చేస్తామంటాయి. ఫొటో మెకానిక్ మొదటి రెండే చేస్తుంది. రాథెరపీ బలమంతా మూడోదాంట్లోనే ఉంది.

అన్నీ ఒకేచోట ఉంటే సౌకర్యమే. అయితే మూడింటిలో మీకు ఎక్కువ టైమ్ తినేది ఏదో చూసుకుని, దానికి బలమైనది ఎంచుకోవడం తెలివైన పని. పెళ్లిళ్లో, క్రికెట్ మ్యాచ్‌లో తీసి రోజుకి వెయ్యి ఫొటోలతో తిరిగొచ్చే మనిషికి ఏరడమే నరకం. నెలకి పది ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకు ఏరడం క్షణాల పని, దిద్దడానికే గంటలు పడతాయి. ఈ ఇద్దరికీ ఒకే సాఫ్ట్‌వేర్ సిఫారసు చేసేవాళ్ల మాట నేను నమ్మను.

దించుకోవడం

సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఫోల్డర్ల అమరిక మీరే నిర్ణయించుకోండి. అన్ని ఫొటోలకూ కలిపి ఒకే పెద్ద ఫోల్డర్, అందులో సంవత్సరాలు, సంవత్సరంలో తేదీతో మొదలయ్యే ఫోల్డర్లు. "2025-03-14 తిరుగుప్రయాణం" అన్నట్టు తేదీ ముందు, మాట వెనక పెడితే కంప్యూటర్ ఎప్పుడూ వరసలోనే చూపిస్తుంది. మనుషుల పేర్లు, విషయాలు ఫోల్డర్లుగా పెట్టకండి. ఒకే ఫొటోలో ఇద్దరు మనుషులుంటే ఎవరి ఫోల్డర్‌లో పెడతారు? వాటికి ట్యాగ్‌లు ఉన్నాయి.

తర్వాత ఫైలు పేరు. కెమెరాలు ఫైళ్లకు 0001 నుంచి 9999 దాకా నంబర్లు వేసి, మళ్లీ మొదటికి వస్తాయి. అంటే కొన్నాళ్లకు ఒకే పేరున్న రెండు వేరువేరు ఫొటోలు మీ దగ్గర ఉండటం ఖాయం. అవి ఒకే ఫోల్డర్‌లో పడ్డ రోజున ఒకటి ఇంకోదాన్ని చెరిపేసి దాని చోట కూర్చునే ప్రమాదం ఉంది. అందుకే దించుకునేటప్పుడే తీసిన తేదీ, సమయం కలిపి పేరు మార్చే సదుపాయం ఉందో లేదో చూడండి. దించేటప్పుడే రెండో డిస్క్ మీద కూడా ఒక కాపీ వేయడం, ఇదివరకే దించినవాటిని గుర్తుపట్టి వదిలేయడం ఉంటే ఇంకా మంచిది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఈ మూడూ ఉన్నాయి. డిజీక్యామ్‌లోనూ పేరు మార్చడం, తేదీల ఫోల్డర్లు చేయడం బాగానే కుదురుతాయి.

ఐఫోన్ నుంచి విండోస్ కంప్యూటర్‌కి దించేవాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో ఫొటోస్ విభాగానికి వెళ్లి, కంప్యూటర్‌కి పంపే చోట "ఆటోమేటిక్" బదులు "కీప్ ఒరిజినల్స్" ఎంచుకోండి. లేకపోతే హీక్ ఫైళ్లు దారిలో జేపెగ్‌లుగా మారి రావచ్చు. లైవ్ ఫొటో అంటే నిజానికి ఒక ఫొటో, ఒక చిన్న వీడియో కలిసిన జంట. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ జంటను గుర్తించక రెండింటినీ విడివిడిగా చూపిస్తాయి. మీకు అవి ముఖ్యమైతే పరీక్షలో ఒకటి పెట్టి చూడండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల సంగతి వేరు. మామూలుగా ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపల ఉండే తీసిన తేదీ, కెమెరా వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఈ ఒక్క అలవాటుతో సర్దుకునే పనిలో సగం గందరగోళం తగ్గుతుంది.

సర్దుకోవడం: గుర్తులు ఎక్కడ దాస్తోంది?

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఎందుకంటే తేడాలు పైకి కనపడవు.

సాఫ్ట్‌వేర్లు రెండు రకాలు. కొన్ని ఫోల్డర్లను నేరుగా చూపిస్తాయి. అడోబీ బ్రిడ్జ్, ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ, ఫొటో మెకానిక్ ఈ కోవలోవి. ఏ ఫోల్డర్ తెరిస్తే అందులో ఉన్నవి కనిపిస్తాయి, ఇంపోర్ట్ చేయడమనే తంతు అక్కర్లేదు. రెండో రకం కేటలాగ్ పెట్టుకుంటాయి. లైట్‌రూమ్ క్లాసిక్, డార్క్‌టేబుల్, డిజీక్యామ్ ఇందులోకి వస్తాయి. ఫొటో ఎక్కడుందో, దానికేం గుర్తులు పెట్టారో ఒక డేటాబేస్‌లో రాసుకుంటాయి. ఫొటో మాత్రం మీ ఫోల్డర్‌లోనే ఉంటుంది. లైబ్రరీలో పుస్తకాలు బీరువాల్లో ఉండి, వాటి వివరాలు రిజిస్టర్‌లో ఉన్నట్టు. కేటలాగ్ వల్ల వెతుకులాట చాలా వేగంగా జరుగుతుంది: ఫలానా లెన్స్‌తో, నాలుగు స్టార్లు ఇచ్చిన, పిల్లల ఫొటోలు అంటే క్షణంలో తెచ్చిపెడుతుంది. డిస్క్ తీసి పక్కన పెట్టినా చిన్న బొమ్మలు చూపిస్తుంది. దీనికి కట్టే మూల్యం ఒకటుంది. ఫోల్డర్లను సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే జరపాలి. బయట నుంచి జరిపితే రిజిస్టర్‌లో ఒక చోటు, ఫొటో ఇంకో చోట అవుతుంది.

యాపిల్ ఫొటోస్ ఒక అడుగు ముందుకేసి, మామూలు సెట్టింగ్స్‌లో ఫొటోలను కూడా తన లైబ్రరీలోకే తీసేసుకుంటుంది. వాడటానికి హాయిగా ఉంటుంది. బయటికి తీసేటప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. మీరు పెట్టిన స్టార్లు, ట్యాగ్‌లు, క్యాప్షన్‌లు ఆ డేటాబేస్‌లోనే ఉండిపోతున్నాయా, ఫొటోతో పాటు ప్రయాణిస్తున్నాయా? ఇలా చూడండి. ఒక రా ఫొటో తీసుకుని నాలుగు స్టార్లు ఇవ్వండి, "నది" అని ట్యాగ్ పెట్టండి, ఒక క్యాప్షన్ రాయండి. సాఫ్ట్‌వేర్ మూసేసి, ఆ ఫోల్డర్‌ను విండోస్‌లోనో మ్యాక్‌లోనో మామూలుగా తెరవండి. ఫొటో పక్కన అదే పేరుతో, చివర ఎక్స్‌ఎంపీ అని ఉన్న చిన్న ఫైలు కనపడాలి. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. భయపెట్టే కోడ్‌లా ఉంటుంది గానీ, వెతికితే రేటింగ్ అన్న మాట పక్కన 4 అంకె, ఇంకాస్త కిందో పైనో "నది" అన్న మాట, మీ క్యాప్షన్ కనిపిస్తాయి. కనిపిస్తే మీ శ్రమ మీ చేతిలో ఉన్నట్టు. ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చదవగలదు. జేపెగ్ ఫొటోల్లో ఈ సమాచారాన్ని చాలా సాఫ్ట్‌వేర్లు ఫైలు లోపలే రాస్తాయి, కాబట్టి విడిగా ఫైలు కనపడకపోవచ్చు. అప్పుడు దాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్టార్లు వచ్చాయో లేదో చూడటమే దారి.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఈ పరీక్ష మొదటిసారి తప్పుతుంది. మార్పులను ఎక్స్‌ఎంపీలోకి తనంతట తానే రాసే ఆప్షన్ కేటలాగ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, దాన్ని మనమే ఆన్ చేయాలి. అది ఆన్ చేసినా కలెక్షన్లు (అంటే ఆల్బమ్‌లు), వర్చువల్ కాపీలు (ఒకే ఫొటోకి ఇంకో ఫైలు లేకుండా చేసుకునే వేరే ఎడిటింగ్‌లు) ఎక్స్‌ఎంపీలోకి రావు, కేటలాగ్‌లోనే ఉంటాయి. డిజీక్యామ్‌లో మెటాడేటా (ఫొటో గురించిన వివరాలు) సెట్టింగ్స్‌కి వెళ్లి ఏవేవి ఫైల్లోకి రాయాలో టిక్ పెట్టుకోవచ్చు. డార్క్‌టేబుల్ ప్రతి ఫొటో పక్కన ఎక్స్‌ఎంపీ ఫైలు రాసిపెట్టగలదు, కానీ పేరు పెట్టే తీరు వేరు. లైట్‌రూమ్ ఫైలు పేరు చివరున్న ఫార్మాట్ ముక్కను తీసేసి ఎక్స్‌ఎంపీ పెడుతుంది, డార్క్‌టేబుల్ ఆ ముక్కను ఉంచి దాని తర్వాత ఎక్స్‌ఎంపీ చేరుస్తుంది. రెండూ ఒకే ఫోల్డర్ మీద కలిపి వాడితే ఒక్కో ఫొటోకి రెండేసి ఫైళ్లు తయారై, ఏది తాజాదో తెలియకుండా పోతుంది.

రంగు లేబుళ్ల మీద ఎక్కువ ఆధారపడకండి. ఎరుపు, పసుపు అని మనకు కనిపించేవి లోపల ఉత్త మాటలుగానే దాచబడతాయి. ఒక సాఫ్ట్‌వేర్ రాసిన మాట ఇంకోదానికి అర్థం కాకపోతే రంగు మాయమవుతుంది. స్టార్లకు ఆ ఇబ్బంది తక్కువ.

ముఖాలను గుర్తుపట్టడం చాలామందిని ఊరిస్తుంది. కుటుంబ ఫొటోలకు నిజంగానే ఉపయోగం. డిజీక్యామ్ ఈ పనంతా మీ కంప్యూటర్‌లోనే చేస్తుంది, ఫొటోలు బయటికి పోవు. అయితే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ముఖానికి పెట్టిన పేరు మామూలు ట్యాగ్‌గా కూడా రాస్తుందో లేదో చూసుకోండి. లేకపోతే వందల ముఖాలకు పేర్లు పెట్టిన శ్రమ అక్కడే ఆగిపోతుంది.

గూగుల్ ఫొటోస్ వెతకడంలో అద్భుతం, ఒప్పుకోవాలి. ఒక్క ట్యాగ్ పెట్టకపోయినా "ఎర్ర కారు" అంటే తెచ్చిపెడుతుంది. కానీ 2021 జూన్ 1 నుంచి కొత్త ఫొటోలన్నీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకి వస్తున్నాయి. పైగా గూగుల్ వాళ్ల డౌన్‌లోడ్ సదుపాయం టేక్అవుట్‌తో మీ ఫొటోలు వెనక్కి తీసుకుంటే, అక్కడ మీరు దిద్దిన తేదీలు, వివరణలు పక్కన జేసన్ అనే వేరే టెక్స్ట్ ఫైళ్లలో వస్తాయి. వాటిని మళ్లీ ఫొటోల్లోకి ఎక్కించడానికి ఎగ్జిఫ్‌టూల్ లాంటి పరికరం కావాలి. గూగుల్ ఫొటోస్‌ను చూపించుకునే చోటుగా, అదనపు కాపీగా వాడండి. అసలు భాండారం మీ డిస్క్ మీదే ఉండనివ్వండి.

దిద్దుకోవడం

ఇక్కడ ఒకే ఒక్క షరతు పెట్టుకోండి: అసలు ఫొటోను ముట్టుకోకూడదు. మీరు చేసిన మార్పులన్నీ సూచనలుగా విడిగా రాసుకుని, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మాత్రమే కొత్త ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కావాలి. లైట్‌రూమ్, క్యాప్చర్ వన్, డీఎక్స్ఓ ఫొటోల్యాబ్, డార్క్‌టేబుల్, రాథెరపీ అన్నీ ఇలాగే పనిచేస్తాయి. జేపెగ్‌ను తెరిచి, మార్చి, అదే పేరుతో మళ్లీ సేవ్ చేసే పాత పద్ధతిలో ప్రతిసారీ నాణ్యత కాస్త కాస్త పోతుంది, వెనక్కి వచ్చే దారీ ఉండదు.

రా ఫైలుకి, జేపెగ్‌కి తేడా ఎడిటింగ్‌లోనే తెలుస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలు. 14 బిట్ల రా ఫైల్లో 16,384. కిటికీ ముందు నిలబడ్డ మనిషి ఫొటో తీసుకోండి. బయటి ఆకాశం తెల్లగా, ముఖం నల్లగా ఉంటుంది. షాడోస్ స్లైడర్ పైకి జరిపితే రా ఫైల్లో ముఖం మీద చర్మం రంగు నెమ్మదిగా బయటపడుతుంది, హైలైట్స్ తగ్గిస్తే ఆకాశంలో మబ్బులు తిరిగొస్తాయి. జేపెగ్‌లో అదే చేస్తే ముఖం బూడిద రంగుకు తిరిగి మచ్చలు తేలుతాయి, ఆకాశం తెల్లగానే ఉండిపోతుంది. ఇలాంటి ఫొటో ఒకటి మీ పరీక్ష సామగ్రిలో తప్పకుండా ఉండాలి. సాఫ్ట్‌వేర్ల మధ్య తేడా ఇలాంటి కష్టమైన ఫొటోల మీదే బయటపడుతుంది. పట్టపగలు తీసిన మంచి ఫొటో ఎందులోనైనా బాగానే వస్తుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. స్టార్లు, ట్యాగ్‌లు ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తాయి గానీ, ఎడిటింగ్ సూచనలు అలా వెళ్లవు. లైట్‌రూమ్‌లో జరిపిన స్లైడర్‌కు క్యాప్చర్ వన్‌లో సమానమైనది లేదు, ఎవరి గణితం వాళ్లది. కాబట్టి బాగా వచ్చిన ఫొటోలను దిద్దడం పూర్తికాగానే పూర్తి సైజులో, మంచి నాణ్యతతో ఎక్స్‌పోర్ట్ చేసి అసలు ఫొటో పక్కనే పెట్టుకోండి. నెట్‌లో పెట్టడానికైతే కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ అని ఉండేట్టు చూసుకోండి. లేకపోతే కొన్ని స్క్రీన్ల మీద రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి.

బరిలో ఎవరెవరు?

లైట్‌రూమ్ క్లాసిక్ 2007లో లైట్‌రూమ్ పేరుతోనే మొదలైంది, మూడు పనులూ చక్కగా చేస్తుంది, నేర్చుకోవడానికి పాఠాలు కొల్లలు. చందా కట్టాలి. చందా ఆపేసినా కేటలాగ్ తెరవొచ్చు, ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, ఫొటోలు దిద్దే డెవలప్ విభాగం మాత్రం మూతపడుతుంది. క్యాప్చర్ వన్ రంగుల విషయంలో, కెమెరాను కంప్యూటర్‌కి తగిలించి స్టూడియోలో తీయడంలో పేరు తెచ్చుకుంది. డీఎక్స్ఓ ఫొటోల్యాబ్ తక్కువ వెలుతురులో వచ్చే నాయిస్‌ను, అంటే ఫొటో మీద తేలే గరుకు చుక్కలను, తీసేయడంలో గట్టిది. దానికి ఇంపోర్ట్ గొడవ లేదు. ఫొటో మెకానిక్ రా ఫైల్లో ఉండే చిన్న జేపెగ్‌నే చూపిస్తుంది కాబట్టి ఏరడం జెట్ వేగంతో జరుగుతుంది. వార్తా ఫొటోగ్రాఫర్లు దాన్ని వదలకపోవడానికి కారణం అదే.

ఉచితంగా దొరికేవాటిలో నా ఓటు జంటకు: సర్దుకోవడానికి డిజీక్యామ్, దిద్దుకోవడానికి డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ. మూడూ విండోస్, మ్యాక్, లినక్స్‌ల మీద నడుస్తాయి. డార్క్‌టేబుల్ మొదట్లో విసుగు పుట్టిస్తుంది, మాడ్యూళ్లు లెక్కకు మించి ఉంటాయి. ఎక్స్‌పోజర్, కలర్ క్యాలిబ్రేషన్, టోన్ మ్యాపింగ్, క్రాప్ ఈ నాలుగింటితో కొన్ని వారాలు గడిపి మిగతావి తర్వాత చూడండి. గింప్ మంచి ఎడిటరే గానీ రా ఫైళ్లను తనంతట తాను తెరవదు, డార్క్‌టేబుల్‌నో రాథెరపీనో పిలుస్తుంది. వేల ఫొటోల నిర్వహణ దాని పని కాదు. కెమెరా కంపెనీలు ఇచ్చేవి, అంటే కెనాన్ డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్ ఎన్‌ఎక్స్ స్టూడియో లాంటివి, ఉచితమే. రంగులు కెమెరాలో కనిపించినట్టే ఇస్తాయి. కంపెనీ మారిస్తే మాత్రం పనికిరావు.

ఎంచుకున్న రెండింటికీ పరీక్ష పెట్టండి

డబ్బు కట్టేవాటిలో చాలావాటికి ట్రయల్ ఉంటుంది. అది మొదలుపెట్టే ముందే సామగ్రి సిద్ధం చేసుకోండి, లేకపోతే ట్రయల్ రోజులు మెనూలు చూడటంతోనే అయిపోతాయి. ఒక రెండొందల ఫొటోల కాపీ చేయండి. అందులో కిటికీ ఫొటో, చీకట్లో తీసినది, ఫోన్ ఫొటోలు, రా, జేపెగ్ రెండూ ఉన్న జంటలు, ఒక వీడియో, కెమెరా గడియారం తప్పుగా ఉన్నప్పుడు తీసినవి కొన్ని కలపండి.

తర్వాత మొత్తం పని వరసగా చేయండి. దించండి, ఏరండి, ట్యాగ్ పెట్టండి, ఐదు ఫొటోలు దిద్దండి, గడియారం తేడాను ఒకేసారి అన్నిటికీ సరిచేయండి, ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏరేటప్పుడు ఒక ఫొటో నుంచి తర్వాతదానికి వెళ్లినప్పుడు బొమ్మ స్పష్టంగా రావడానికి ఎంతసేపు పడుతుందో గమనించండి. ఒక్కో ఫొటోకి రెండు సెకన్లు ఆగాల్సి వస్తే రెండొందల దగ్గర తెలియదు, రెండువేల దగ్గర ప్రాణం విసుగెత్తుతుంది. చివర్లో పైన చెప్పిన ఎక్స్‌ఎంపీ పరీక్ష చేయండి. అదే ఫోల్డర్‌ను రెండో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎన్ని గుర్తులు దాటివచ్చాయో చూడండి.

ఏఐతో నాయిస్ తీసే సదుపాయం మీకు ముఖ్యమైతే మీ మెషిన్ మీదే ప్రయత్నించండి. గ్రాఫిక్స్ కార్డు బలహీనమైతే ఒక్క ఫొటోకే నిమిషాలు పడుతుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మీద పెట్టే డబ్బు కొన్నిసార్లు కొత్త సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. కేటలాగ్‌ను ఎస్‌ఎస్‌డీ మీద, ఫొటోలను పెద్ద హార్డ్ డిస్క్ మీద పెట్టుకోవడం మంచి రాజీ.

మారేటప్పుడు

నిర్ణయం అయ్యాక పాతవన్నీ ఒకేరోజు మార్చాలని కూర్చోకండి. ముందు అన్నిటికీ బ్యాకప్: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. కేటలాగ్ వాడేవాళ్లు కేటలాగ్ ఫైలును కూడా అందులో కలపాలి. సాఫ్ట్‌వేర్ అడిగే కేటలాగ్ బ్యాకప్‌లో ఫొటోలు ఉండవన్న సంగతి చాలామందికి తెలియదు.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న గుర్తులన్నిటినీ ఫైళ్లలోకి రాయించి, ఆ తర్వాతే కొత్తదానికి ఫోల్డర్ చూపించండి. కలెక్షన్లు రావు కాబట్టి, ముఖ్యమైన ప్రతి కలెక్షన్‌లోని ఫొటోలకూ దాని పేరే ట్యాగ్‌గా పెడితే అవతలివైపు మళ్లీ కూర్చుకోవచ్చు. కొత్తగా తీసేవి ఈరోజు నుంచే కొత్త పద్ధతిలో దించండి. పాతవాటిని తాజా సంవత్సరం నుంచి వెనక్కి, ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కో సంవత్సరం చొప్పున సర్దుకుంటూ వెళ్లండి. పాత సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఆ పని పూర్తయ్యేదాకా కంప్యూటర్ నుంచి తీసేయకండి.